జారుడుబండ నుంచి మంచుకొండ దాకా



ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. విషయం కూడా మన బళ్ళారి ఎండకు బొత్తిగా పొత్తు లేనిది. అయినా ఓపికగా చదవమని మనవి, ఎందుకంటే ఇది మన సంఘంలోని ఒక ఇంట్లో పుట్టిన ప్రశ్న.

పోయిన సంక్రాంతికి మన సభ్యుల్లో ఒకరి ఇంటికి భోజనానికి పోయినాము. వాళ్ళ అబ్బాయి అమెరికాలో, డెన్వర్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు మీద వచ్చి ఉన్నాడు. భక్ష్యాలు వడ్డిస్తూ వాళ్ళమ్మ మొదలుపెట్టింది. "అన్నా, వీడికి మీరైనా చెప్పండి. మంచుకొండ నడిచి ఎక్కుతాడంట, పైనుంచి చెక్కల మీద జారతాడంట. ఆ చెక్కలకి లక్ష రూపాయల పైన పోస్తాడంట." అబ్బాయి నవ్వి, "లిఫ్టులో ఎక్కి దిగడం మూడేళ్ళు చేశాను మామా. ఇప్పుడు నా కాళ్ళతో ఎక్కి, ఆడుకుంటూ దిగాలని ఉంది. రెంటికీ పనికొచ్చే స్కీ ఒకటి కావాలి. ఏది కొనాలో తెగడం లేదు" అన్నాడు.

స్కీ అంటే మేము సినిమా పాటల్లో చూసిందే తప్ప చేత్తో ముట్టింది లేదు. కానీ "రెంటికీ పనికొచ్చేది ఒకటి" అన్న మాట మమ్మల్ని పట్టుకుంది. రైల్వేలో గూడ్సు లెక్కలు రాసిన వాళ్ళం. గుంతకల్లులో బ్రాడ్ గేజి బండి, మీటరు గేజి బండి పక్కపక్కన నిలబెట్టి, దీంట్లో మూటలు దాంట్లోకి మార్చిన కాలం మాకు తెలుసు. రెండు పట్టాల మీద నడిచే బండి ఒకటి ఉంటే ఎంత బాగుండునని ఆ రోజుల్లో అనుకోని గుమాస్తా లేడు. కాబట్టి రెండు నెలలు పుస్తకాలూ ఫోనూ తిరగేశాము. తేలింది రాస్తున్నాము.

ముందు మన గుట్టల నుంచే మొదలుపెడదాం. నున్నటి బండ ఉన్న ప్రతి ఊళ్ళో ఒక జారుడుబండ ఉంటుంది. పిల్లలు దాని మీదికి ఏం తీసుకుపోతారో ఎప్పుడైనా గమనించారా? గోనెసంచి అయితే చంకలో పెట్టుకుని ఎక్కవచ్చు, కానీ సరిగా జారదు. రేకుముక్క అయితే రయ్యిన జారుతుంది, కానీ మోసుకుని ఎక్కేసరికి చేతులు పీకుతాయి, అంచు కోసుకుంటుంది కూడా. ఈతమట్ట రెంటికీ మధ్య. అందుకని ఆటగాళ్ళు ఎక్కువసార్లు మట్టనే పట్టుకుపోతారు. స్కీల చరిత్ర అంతా చదివాక మాకు అర్థమైనది ఇదే: ఎక్కడానికి తేలిక కావాలి, దిగడానికి బరువూ వెడల్పూ కావాలి. ఈ పేచీ 5000 ఏళ్ళుగా నడుస్తున్నది.

5000 అన్నది ఊరికే అనలేదు. స్వీడన్‌లో కాల్వ్‌త్రెస్క్ అనే ఊరి దగ్గర 1924లో బురదనేలలో దొరికిన స్కీ 5000 ఏళ్ళకు పైబడినదని తేల్చారు. అప్పుడు అది ఆట కాదు. వేటకూ, పక్క ఊరికి పోవడానికీ కాళ్ళకు కట్టుకునే బండి. స్కాండినేవియాలో కొన్ని చోట్ల ఒక కాలికి పొడుగు చెక్క, ఇంకో కాలికి పొట్టి చెక్క కట్టుకునేవాళ్ళు. పొట్టిదాని అడుగున జంతువు తోలు, వెంట్రుకలు వెనక్కి వాలేలా. ఆవు వీపు మీద చెయ్యి తోకవైపు నిమిరితే నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే అడ్డుతుంది కదా, అదే కిటుకు. పొట్టి కాలితో తన్ని, పొడుగు కాలి మీద జారేవాళ్ళు. తర్వాత్తర్వాత సీలు అనే సముద్రజంతువు తోలు వాడారు. ఇప్పుడు మేకవెంట్రుకల పట్టీలు, నైలాను పట్టీలు వచ్చినాయి గానీ పేరు మాత్రం "స్కిన్" అనే మిగిలింది. ఎక్కేటప్పుడు అడుగున అంటించుకుంటారు, పైకి చేరాక ఊడదీసి చొక్కాలో పెట్టుకుంటారు.

ఆటగా జారడానికి ఆద్యుడెవరంటే నార్వేవాళ్ళు సోండ్రే నోర్‌హైమ్ పేరు చెబుతారు. 1825లో టెలిమార్క్ ప్రాంతంలోని మోర్గెడాల్‌లో పుట్టిన పేదవాడు. అప్పటిదాకా కాలిముందు ఒక తోలువారు మాత్రమే ఉండేది. ఈయన సన్నకొమ్మలు మెలేసి మడమ చుట్టూ కూడా కట్టాడు. చెక్క నడుము సన్నం చేసి, రెండు కొసలు వెడల్పు ఉంచాడు. దాంతో స్కీ తనంతట తానే వంపు తిరగడం మొదలుపెట్టింది. ఇళ్ళ కప్పుల మీదనుంచి దూకేవాడని చెప్పుకుంటారు. 1868లో, 40 దాటిన వయసులో, రాజధానిలో జరిగిన పోటీకి పోయి పట్నంవాళ్ళను నోరెళ్ళబెట్టించాడు. ఇంత చేసినా బతుకు గడవక 1884లో అమెరికాకు వలసపోయి, నార్త్ డకోటా మైదానంలో, జారడానికి ఒక గుట్ట కూడా లేని చోట, 1897లో చనిపోయాడు. పొట్టకూటి కోసం సొంత ఊరి గుట్టలు వదిలి పోయిన వాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు, ఈ ఒక్క వాక్యం వాళ్ళకి వేరే వివరించనక్కరలేదు.

ఇంక అసలు కథానాయకుడు. ఈయన గురించి చదివి మేము కుర్చీలోంచి లేచాము. ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు. ఎక్కడ పుట్టాడనుకున్నారు? మద్రాసులో! 1888 ఏప్రిల్‌లో. మన బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేదాకా మనది మద్రాసే కదా. కాబట్టి ఒక రకంగా మన రాజధానివాడే. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీగా వచ్చి, ఒంట్లో బాగాలేక కొద్దికాలానికే వెనక్కి పోయినాడు. తర్వాత జనాన్ని స్విట్జర్లాండుకు విహారయాత్రలకు తీసుకుపోయే వ్యాపారం పెట్టాడు. కొడుకు పదేళ్ళకే స్కీ ఎక్కాడు.

1911 జనవరిలో ఈ ఆర్నాల్డ్ లన్ స్విట్జర్లాండులోని మొంటానాలో ఒక పందెం పెట్టాడు. కొండ దిగడంలో పెట్టిన తొలి పెద్ద పందెంగా దాన్ని లెక్కిస్తారు. కప్పుకు పేరు రాబర్ట్స్ ఆఫ్ కాందహార్. ఆ రాబర్ట్స్ ఎవరు? కాన్పూరులో పుట్టి, 1880లో కాబూలు నుంచి కాందహారుకు సైన్యాన్ని నడిపించి, ఆ మరుసటేడు నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉన్న లార్డు రాబర్ట్స్. మన కంటోన్మెంటు ప్రాంతంలో నడిచేటప్పుడు జ్ఞాపకం పెట్టుకోండి, ఆ నాలుగేళ్ళు ఇక్కడి పటాలాలకు పై అధికారి ఆయనే. కాందహారు అనే ఎర్రమట్టి ఊరి పేరు ఆ విధంగా ఆల్ప్స్ మంచులోకి ఎక్కింది.

ఆ పందెంలో మాకు నచ్చిన సంగతి వేరే ఉంది. అప్పటికి లిఫ్టులు లేవు. పోటీదారులు ముందురోజే కాలినడకన పైకి ఎక్కి, కొండమీది గుడిసెలో రాత్రి పడుకుని, తెల్లవారి అందరూ ఒక్కసారిగా బయలుదేరి కిందికి జారారు. అంటే దిగుడు పందెం పుట్టినప్పుడే ఎక్కుడు దాంట్లో భాగం. ఎక్కలేనివాడికి దిగే హక్కు లేదు.

ఆ పందేనికి రెండేళ్ళ ముందే, 1909లో, లన్ వేల్సులో ఒక కొండ మీదనుంచి పడి కాలు నుజ్జు చేసుకున్నాడు. ఆ కాలు జీవితాంతం రెండు అంగుళాలు పొట్టి. ఆ కాలితోనే 1917లో డోమ్ శిఖరాన్నీ, 1924లో ఐగర్‌నూ స్కీలతో ఎక్కాడు. 1922లో మ్యూరెన్ అనే ఊళ్ళో జెండాలు పాతి వాటి మధ్య వంకరటింకరగా దిగే స్లాలమ్ పందెం రూపొందించాడు. దానికి ఆయన చెప్పుకున్న కారణం, అడవిలో చెట్ల మధ్య తిరుగుతూ దిగడం నేర్పాలని. చూడండి, ఈనాడు ఒలింపిక్సులో సెకనులో వందో వంతుకు కొట్టుకునే పందెం, పుట్టుకలో కొండల్లో తిరిగేవాడికి అభ్యాసం. 1936 ఒలింపిక్సుకు దిగుడూ స్లాలమూ రెండూ చేరాయి. 1952లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, 1974లో పోయినాడు. మద్రాసులో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఇప్పుడెవరైనా ఉన్నారా అని మా పాత తమిళ బడి మిత్రులను అడిగాము. ఒక్కరికీ తెలియదు.

ఆ కాందహారు పేరుతోనే ఒక బైండింగు కూడా వచ్చింది. బైండింగు అంటే బూటును స్కీకి పట్టించే కొక్కెం. గీడో రాయ్‌గె అనే స్విస్సువాడు చేసింది. మడమ వెనకనుంచి ఒక తీగ. ఎక్కేటప్పుడు తీగను పక్కకొక్కేల నుంచి విడిపిస్తే మడమ లేస్తుంది. దిగేటప్పుడు కొక్కేలకింద దూరిస్తే మడమ అణిగి ఉంటుంది. రెంటికీ ఒకటే! మన అబ్బాయి ఈనాడు వెతుకుతున్నది అప్పుడే దొరికింది. మరి మళ్ళీ ఎందుకు పోయింది?

ఇక్కడ తప్పు మా రైల్వేవాళ్ళది. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ ఛైర్మన్ ఏవరెల్ హారిమన్, చలికాలంలో ఖాళీగా పోతున్న బోగీలు నింపడానికి ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే మంచుకేళీ స్థలం కట్టించాడు. 1936 డిసెంబరులో తెరిచారు. జనాన్ని గుట్ట మీదికి చేర్చడమెట్లా అన్న ప్రశ్న వస్తే, ఆ కంపెనీ ఇంజనీరు జిమ్ కరన్‌కు ఒక ఊహ తట్టింది. అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే కొక్కేల గొలుసు యంత్రం ఆయనకు తెలుసు. గెలల చోట కుర్చీలు తగిలించాడు. అదే మొదటి ఛెయిర్‌లిఫ్టు. గూడ్సు ఎక్కించే యంత్రంతో మనుషులను ఎక్కించారన్నమాట! ఇది చదివి మేము ఒక్కరమే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాము.

ఎక్కే పని యంత్రానికి పోయేసరికి స్కీకి తేలికగా ఉండాల్సిన అవసరం పోయింది. అంతకు ముందే, 1920ల్లో, ఆస్ట్రియాలో రుడాల్ఫ్ లెట్నర్ చెక్క అంచులకు ఉక్కుపట్టీ వేశాడు. 1950లో హవర్డ్ హెడ్ అనే విమాన ఇంజనీరు అల్యూమినియం పొరలతో స్కీ చేశాడు. బూట్లు గట్టిపడ్డాయి, మడమ శాశ్వతంగా బిగిసింది. దిగడానికి అద్భుతం, నాలుగడుగులు నడవడానికి నరకం. కొండ ఎక్కి తిరిగేవాళ్ళు కొద్దిమందే మిగిలారు, వాళ్ళకు సన్నటి తేలిక చెక్కలు విడిగా అమ్మేవాళ్ళు. గుంతకల్లు స్టేషన్లో మాదిరే రెండు గేజీలు అయిపోయినాయి.

మళ్ళీ కలిపిన పుణ్యం ఇద్దరిది. 1980ల్లో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ అనే కుర్రవాడు, మోఁ బ్లాఁ కొండకు బరువు సామాను ఈడ్చి విసిగి, బూటు ముందుభాగాన్ని రెండు చిన్న ముళ్ళ మధ్య పట్టే బైండింగు కనిపెట్టాడు. పెద్ద ఇనుపచట్రం అంతా ఎగిరిపోయింది. మొదట చూసినవాళ్ళు ఇంత చిన్నది మనిషిని ఆపుతుందా అన్నారు. ఈనాడు కొండెక్కే స్కీలన్నిటికీ దాదాపు ఆ పద్ధతే.

రెండోవాడు షేన్ మకాంకీ, ఉత్తర అమెరికా ఆటగాడు. లోతైన మెత్తటి మంచు నేల కాదు, నీళ్ళలాంటిది అన్నాడు. నీళ్ళ మీద జారే స్కీలను మంచు మీద వేసి చూశాడు. 2002లో ఆయన ఊహ మీద వోలంట్ కంపెనీ స్పాచులా అనే స్కీ తెచ్చింది. మామూలు స్కీ విల్లులాగా నడుము పైకి లేచి ఉంటుంది. ఇది తిరగేసిన విల్లు, రెండు కొసలూ పైకి. దీనికి రాకర్ అని పేరు. హంపి దగ్గర తుంగభద్రలో హరిగోలు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. దాని అంచులు పైకి తిరిగి ఉంటాయి, అందుకే ఎటు తిప్పితే అటు గిర్రున తిరుగుతుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆనెగొంది దగ్గర బుట్టల్లాంటి ఈ పడవలను చూసి రాసి పెట్టాడు. పైగా హరిగోలు ఏటివాలుకు మనుషులను మోస్తుంది, ఎగువకు మనిషి దాన్ని తలమీద బోర్లించి మోస్తాడు. ఎక్కుడు, దిగుడు లెక్క మన ఏటిలోనే ఉంది.

మకాంకీ 2009లో ఇటలీ కొండల్లో పోయినాడు. స్కీలతో కొండచరియ మీదనుంచి దూకి, గాలిలో స్కీలు వదిలించుకుని పారాచూటు తెరవాలి. ఒక స్కీ ఊడలేదు. మన అబ్బాయి చేసేది అది కాదు. అయినా ఈ సంగతి వాళ్ళమ్మకు దాచలేదు. పూర్తిగా చెప్పాము.

ఇంక కొనే సంగతి. అబ్బాయి మా ముందు రెండు పెట్టాడు. ఒకటి నడుము వెడల్పు 88 మిల్లీమీటర్లు, ఒక్కోటి 1.2 కిలోలు. రెండోది 112 మిల్లీమీటర్లు, ఒక్కోటి రెండు కిలోల పైన, రెండు కొసలూ లేచినది, వెనక్కి తిరిగి కూడా జారవచ్చు. మనసు రెండోదాని మీద ఉందని మొహమే చెబుతున్నది.

మేము గూడ్సు గుమాస్తా లెక్క వేశాము. 1000 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే వంకరదారిలో సుమారు 5 కిలోమీటర్లు. అడుగుకు అర మీటరు అనుకుంటే 10,000 అడుగులు. ఒక్కో స్కీకి 300 గ్రాములు ఎక్కువైతే, రోజు ముగిసేసరికి అదనంగా కదిపిన బరువు 3,000 కిలోలు. స్కీని ఎత్తరు, మంచు మీద ఈడుస్తారు గనుక లెక్క అంత కచ్చితం కాదని అబ్బాయి వాదించాడు. సరే, సగం తీసెయ్. ఒకటిన్నర టన్ను కాలితో ఈడ్చినవాడికి దిగేటప్పుడు ఆడుకునే ఓపిక ఉంటుందా? అలిసిన కాలితో ఆడటమే కాలు విరగ్గొట్టుకునే దారి.

అట్లాగని 88ది తీసుకుంటే, లోతు మంచులో కత్తిలాగా దిగబడుతుంది. గట్టిమంచు మీద సంతోషంగా ఉంటుంది, గెంతి దిగితే మాత్రం సన్నకొయ్య వణుకుతుంది. ఆట లేదు. ఎక్కి దిగి ఇంటికి రావడమే.

మాకు తేలిందేమంటే ఇట్లాంటి ఆటగాడికి నడుము 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి (మా మీటరు గేజిలో సరిగ్గా పదో వంతు, ఇది మాకు వింతగా తోచింది), బరువు ఒక్కోటి కిలోన్నర, మహా అయితే 1.7. ముందుకొస బాగా లేచి, వెనకకొస కొంచెం మాత్రమే లేచి, కాలి కింద మామూలు విల్లు వంపు ఉండాలి. ఆ వంపే గట్టిమంచు మీద పట్టు ఇస్తుంది. పక్కవాలులో అడ్డంగా నడిచేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. వెనకకొస పూర్తిగా లేచినదైతే స్కిన్ పట్టీ కొక్కెం జారుతుంది, ఆగినప్పుడు స్కీని మంచులో నిలువుగా గుచ్చడానికీ కుదరదు. బైండింగును పాతకాలం చోటుకంటే కొద్ది సెంటీమీటర్లు ముందుకు బిగిస్తే తిప్పడం సులువు. మరీ నడిమికి జరిపితే లోతు మంచులో ముందుకొస మునుగుతుంది. బూటు సంగతి మరచిపోవద్దు. మెత్తటి నడక బూటు వేసుకుని వెడల్పు స్కీని తిప్పబోవడం, ఎడ్లబండి కాడికి లారీ తగిలించినట్టు. డబ్బు తక్కువపడితే స్కీలో తగ్గించు, బూటులో తగ్గించవద్దు అన్నాము.

వాళ్ళమ్మ అంతా విని, "అన్నా, మంచు విరిగి మీద పడితే ఏ చెక్కైతే ఏముంది?" అంది.

ఆ ప్రశ్నకు స్కీలో జవాబు లేదు. మన దేశంలోనే గుల్మార్గ్‌ను చూడండి. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. ఇప్పుడు గొండోలా దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, దిగి పక్కకు తిరిగితే అంతా కాపలా లేని కొండ. అక్కడే 2010 ఫిబ్రవరిలో శిక్షణలో ఉన్న సైనికుల మీద హిమపాతం పడి 17 మంది పోయినారు. మంచును చదవడం తెలిసిన సైనిక పాఠశాల వాళ్ళే వాళ్ళు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ప్రమాదం ఎక్కువ, ఆడుకోవడానికి బాగుండే వాలు కూడా సరిగ్గా అదే. కాబట్టి ఒంటికి సిగ్నలు ఇచ్చే యంత్రం, పార, మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ, ఈ మూడూ లేకుండా పోకూడదు. జతగాడు లేకుండా అసలే పోకూడదు, పూడిపోయినవాడు తన పార తానే తవ్వుకోలేడు. ఆ రోజు మంచు నివేదిక చదవాలి. ఇవన్నీ కొన్న తర్వాత డబ్బు మిగిలితే స్కీలు కొను అన్నాము.

మనవాళ్ళకు ఈ కొండలెందుకు అని భోజనాల దగ్గర ఇంకో పెద్దాయన అన్నారు. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, భువనగిరి బండ మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కిందని జ్ఞాపకం చేశాము. ఆయన మజ్జిగ అడిగారు.

అబ్బాయి మార్చిలో ఫోను చేశాడు. ముందు హిమపాతాల శిక్షణ తరగతిలో చేరాడట, తర్వాత స్కీలు కొన్నాడట. నడుము 102, బరువు కిలోన్నరకు కొంచెం ఎక్కువ. "రెండు మిల్లీమీటర్లు మీ మాట దాటాను మామా" అన్నాడు. వాళ్ళమ్మ ఫోను అందుకుని, జతగాడి పేరేమి, వాడికి పార ఉందా లేదా అని అడిగింది. ఉందన్నాడు. అయితే ఆ పార ఫోటో తీసి పంపమంది. పంపాడు. ఎర్ర పిడి పార. మా ఫోనుకు కూడా వచ్చింది.